పన్నులు, సంక్షేమం: దేశదేశాల తీరు

ప్రభుత్వం ప్రజల దగ్గర పన్నులుగా, చందాలుగా వసూలు చేసిన సొమ్ములో కొంత భాగాన్ని పింఛను, వైద్యం, చదువు, నిరుద్యోగ భృతి, పిల్లల భత్యం, తిండిగింజల రూపంలో తిరిగి ప్రజలకే చేర్చే ఏర్పాటును సంక్షేమ వ్యవస్థ అంటారు. ఎంతోకొంత ఇలాంటి ఏర్పాటు లేని దేశం ఈనాడు కనిపించదు. అయితే అది ఏ రెండు దేశాల్లోనూ ఒకేలా ఉండదు. డెన్మార్క్‌లో దుకాణంలో కొనే దాదాపు ప్రతి వస్తువు మీదా 25 శాతం పన్ను పడుతుంది. ఆ పన్ను కట్టిన మనిషి తన బిడ్డ యూనివర్సిటీ చదువుకు మాత్రం ఫీజు కట్టనక్కర్లేదు. దుబాయిలో పనిచేసే వలస కార్మికుడి జీతంలో ఒక్క దిర్హామ్ కూడా ఆదాయపు పన్ను కింద పోదు. ముసలితనంలో అతనికి ఆ దేశం నుంచి పింఛనూ రాదు.

ఏ దేశాన్ని అర్థం చేసుకోవాలన్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సొమ్ము ఎవరి దగ్గర తీసుకుంటున్నారు? ఎవరికి ఇస్తున్నారు? ఏ షరతు మీద ఇస్తున్నారు? పన్ను ఎక్కువా తక్కువా అన్నదాని కన్నా ఈ మూడింటికి దొరికే జవాబులే సామాన్యుడి బతుకులో పెద్ద తేడా తెస్తాయి.

కొలిచే తీరు

పోలికకు ముందుగా వాడే కొలబద్ద స్థూల దేశీయోత్పత్తి, అంటే జీడీపీలో పన్నుల వాటా. సంపన్న దేశాలు ఎక్కువగా ఉన్న ఓఈసీడీ కూటమిలో 2023లో ఈ వాటా సగటున 34 శాతం దగ్గర ఉంది. ఫ్రాన్స్, డెన్మార్క్‌లలో 43 శాతం దాటింది. అమెరికాలో నాలుగో వంతు, మెక్సికోలో 18 శాతానికి అటూఇటూ. భారతదేశంలో కేంద్రం, రాష్ట్రాలు వసూలు చేసేవన్నీ కలిపినా ఇంచుమించు అంతే.

ఈ అంకె ఒక్కదాన్నే చూస్తే పొరబడతాం. జర్మనీలో ఉద్యోగి ఆరోగ్య బీమాకు కట్టేది చట్టం విధించిన చందా కాబట్టి ఈ లెక్కలోకి వస్తుంది. అమెరికాలో అదే అవసరానికి ఉద్యోగి, అతని కంపెనీ కలిసి ప్రైవేటు బీమాకు కట్టే ప్రీమియం ఈ లెక్కలోకి రాదు. జేబు ఇద్దరికీ ఖాళీ అవుతుంది, కాగితం మీద మాత్రం ఒకటి పన్ను, రెండోది ఖర్చు.

ఏ రకం పన్ను అన్నదీ ముఖ్యమే. విలువ ఆధారిత పన్నును, అంటే వ్యాట్‌ను, 1954లో మోరిస్ లోరే అనే అధికారి రూపకల్పనతో ఫ్రాన్స్ తెచ్చింది. ఇప్పుడు 170కి పైగా దేశాల్లో అది ఏదో ఒక పేరుతో అమల్లో ఉంది. మన జీఎస్టీ కూడా ఆ కోవలోదే. పెద్ద దేశాల్లో అమెరికా ఒక్కటే జాతీయ స్థాయిలో దీన్ని తీసుకురాలేదు. అక్కడ అమ్మకపు పన్ను రాష్ట్రాల, స్థానిక ప్రభుత్వాల వ్యవహారం. టెక్సస్, ఫ్లోరిడా వంటి కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా లేదు.

మొదలైన తీరు

ఆధునిక సామాజిక బీమాకు పునాది పడింది జర్మనీలో. ఛాన్సలర్ బిస్మార్క్ హయాంలో 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య, వైకల్య పింఛను చట్టాలు వచ్చాయి. ఫ్యాక్టరీ కార్మికులు సోషలిస్టుల వైపు మళ్లకుండా ఆపాలన్నది అందులోని రాజకీయ లెక్క. మొదట పింఛను వయసు 70 ఏళ్లు. ఆ రోజుల్లో అంత వయసు చూసిన కార్మికులు తక్కువే. అయినా కార్మికుడు, యజమాని ఇద్దరూ చందా కట్టాలి, కట్టినవాడికి అడిగే హక్కు ఉండాలి అన్న సూత్రం అక్కడే స్థిరపడింది.

బ్రిటన్ వేరే దారిలో వెళ్లింది. 1908 చట్టం ప్రకారం 1909 జనవరి 1 నుంచి 70 ఏళ్లు దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగుల వరకు పింఛను ఇచ్చింది. దానికి చందా అక్కర్లేదు, సొమ్మంతా ఖజానాదే. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942లో విలియం బెవరిడ్జ్ ఇచ్చిన నివేదిక లేమి, రోగం, అజ్ఞానం, మురికి, నిరుద్యోగం అనే ఐదింటినీ రాక్షసులుగా వర్ణించింది. ఆ నివేదిక ఊపులోనే 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ, ఎన్‌హెచ్‌ఎస్, మొదలైంది. ఆస్పత్రి గుమ్మం దగ్గర డబ్బు అడగకూడదన్నది దాని మూలసూత్రం.

అమెరికాకు మహామాంద్యం నేర్పిన పాఠం 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం. అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఆగస్టు 14న సంతకం చేశారు. వృద్ధుల వైద్యానికి మెడికేర్, పేదల వైద్యానికి మెడికెయిడ్ రావడానికి మరో ముప్పై ఏళ్లు, 1965 దాకా, పట్టింది.

డెన్మార్క్ సామాజిక శాస్త్రవేత్త గోస్టా ఎస్పింగ్-ఆండర్సన్ 1990లో సంపన్న దేశాల వ్యవస్థలను మూడు తెగలుగా విడదీశాడు. పౌరుడైతే చాలు అందే నార్డిక్ తీరు ఒకటి, చందాకు తగ్గట్టు అందే ఐరోపా ఖండపు తీరు ఇంకొకటి, పేదరికం రుజువు చేసుకుంటే అందే ఆంగ్లభాషా దేశాల తీరు మూడోది. ఏ దేశమూ పూర్తిగా ఒక్క గడిలో ఒదగకపోయినా, పరిశోధకులు ఇప్పటికీ ఈ విభజన దగ్గరే మొదలుపెడతారు.

నార్డిక్ దేశాలు: అందరి దగ్గరా, అందరికీ

ఫిన్లాండ్‌లో కాన్పుకు ముందు ఇంటికొచ్చే అట్టపెట్టె ఈ తీరుకు మంచి ఉదాహరణ. అందులో పసిబిడ్డకు బట్టలు, చలికోటు, దుప్పటి, చిన్న పరుపు ఉంటాయి. సామాను తీసేసి పరుపును పెట్టె అడుగున పరిస్తే అదే బిడ్డకు మొదటి పక్క. 1938లో పేద తల్లుల కోసం మొదలైన ఈ కానుకను 1949లో తల్లులందరికీ విస్తరించారు. షరతు ఒక్కటే, గర్భిణి నాలుగో నెల దాటకముందే వైద్య పరీక్ష చేయించుకోవాలి. శిశుమరణాలు ఎక్కువగా ఉన్న ఆ కాలంలో పెట్టె కోసం వచ్చిన తల్లి డాక్టరు కంట పడింది. ఈనాడు పెట్టె వద్దనుకున్నవారు నగదు తీసుకోవచ్చు. మంత్రి భార్యకైనా, ఫ్యాక్టరీ కార్మికురాలికైనా వచ్చే పెట్టె ఒకటే.

స్వీడన్‌లో బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల వేతన సెలవు. అందులో 90 రోజులు తల్లివి, 90 రోజులు తండ్రివి. ఆ భాగాన్ని ఒకరు వాడుకోకపోతే రెండోవారికి బదిలీ కాదు. తండ్రి కూడా ఉయ్యాల ఊపాలన్న ఉద్దేశం చట్టంలోనే ఉంది. ప్రతి బిడ్డకూ 16 ఏళ్లు నిండేదాకా నెలకు 1,250 క్రోనార్ల భత్యం వస్తుంది. కుటుంబ ఆదాయం ఎంతో అడగరు.

ఈ సొమ్మంతా కోటీశ్వరుల దగ్గర పిండుతున్నారనుకుంటే పొరపాటు. స్వీడన్, డెన్మార్క్, నార్వేలలో వ్యాట్ సాధారణ రేటు 25 శాతం. డెన్మార్క్‌లో జీతం చేతికి రాకముందే 8 శాతం శ్రామిక మార్కెట్ చందా కోసుకుని, మిగిలిన దాని మీద మున్సిపాలిటీ పన్ను, దేశ పన్ను వేస్తారు. బడి పంతులు, బస్సు డ్రైవరు కూడా గట్టిగానే కడతారు. అందరూ కడతారు కాబట్టి అందరికీ అందాలి, అందరికీ అందుతుంది కాబట్టి కట్టడానికి ఒప్పుకుంటారు. ఆ బలం మీదే వ్యవస్థ నిలబడింది.

నార్వేకు అదనంగా ఒక అదృష్టం ఉంది. ఉత్తర సముద్రపు చమురు లాభాల మీద ఆ దేశం వేసే పన్ను మొత్తం 78 శాతం. ఆ రాబడిని వచ్చినట్టే ఖర్చు పెట్టకుండా 1990లో చట్టం చేసి నిధి పెట్టింది, 1996లో తొలి జమ వేసింది. ఇప్పుడది ప్రపంచంలోనే అతిపెద్ద ప్రభుత్వ నిధుల్లో ఒకటి. దీర్ఘకాలంలో వచ్చే రాబడి అంచనా మేరకు, ఏడాదికి సుమారు 3 శాతం మాత్రమే, బడ్జెట్‌కు వాడుకోవాలన్నది నియమం.

చందా కట్టినవాడికే

జర్మనీలో ఈనాటికీ బిస్మార్క్ నాటి సూత్రమే నడుస్తోంది. పింఛనుకు జీతంలో 18.6 శాతం, ఆరోగ్య బీమాకు 14.6 శాతం, దానిపైన బీమా నిధిని బట్టి మరికొంత. వీటిని ఉద్యోగి, యజమాని సగంసగం పంచుకుంటారు. ఉద్యోగం పోతే నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం భృతిగా వస్తుంది. ఎక్కువ సంపాదించినవాడికి ఎక్కువ భృతి. పేదకూ ధనికుడికీ మధ్య దూరం తగ్గించడం కన్నా, ఒక మనిషి బతుకు ఒక్కసారిగా కిందికి జారిపోకుండా పట్టుకోవడం ఇక్కడ గురి.

ఫ్రాన్స్ పన్నులోనే కుటుంబాన్ని లెక్కలోకి తెచ్చింది. 1945 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో ఇంటి ఆదాయాన్ని భాగాలుగా విడదీసి పన్ను కడతారు. దంపతులకు రెండు భాగాలు, మొదటి ఇద్దరు పిల్లలకు చెరో అర భాగం, మూడో బిడ్డ నుంచి ఒక్కొక్కరికి పూర్తి భాగం. ఒకే జీతమున్న ఇద్దరిలో పిల్లలున్న వ్యక్తికి పన్ను తగ్గుతుంది. భారతీయ ఆదాయపు పన్ను మనిషిని ఒంటరిగా చూస్తుంది, ఫ్రెంచి పన్ను ఇంటిని చూస్తుంది.

జపాన్ 1961 నాటికే పౌరులందరినీ ఆరోగ్య బీమా, పింఛను పరిధిలోకి తెచ్చింది. ఆస్పత్రి బిల్లులో సాధారణంగా 30 శాతం రోగి కడతాడు, నెలకు ఒక పరిమితి దాటితే భారం తగ్గుతుంది. మంచాన పడ్డ వృద్ధుల సంరక్షణ కోసం 2000లో ప్రత్యేక బీమా పెట్టి, 40 ఏళ్లు నిండిన ప్రతివారి దగ్గరా ప్రీమియం తీసుకుంటోంది. 1989లో 3 శాతంతో మొదలైన వినియోగ పన్ను 2019 నాటికి 10 శాతానికి చేరింది. పెరుగుతున్న వృద్ధుల ఖర్చే దానికి ముఖ్య కారణం.

పేదరికం రుజువు చేసుకుంటేనే

అమెరికాలో రెండు పొరలున్నాయి. ఉద్యోగి జీతంలో సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోత పడుతుంది. యజమాని కూడా అంతే కడతాడు. ఇది చందా పొర, దీని మీద ఎవరికీ చిన్నచూపు లేదు. రెండో పొరలో ఆహార కూపన్లు, మెడికెయిడ్, ఇంటి అద్దె సాయం ఉన్నాయి. వాటికి ఆదాయం తక్కువని కాగితాలు చూపించుకోవాలి. తక్కువ జీతంతో పనిచేసే కుటుంబాలకు 1975 నుంచి పన్ను శాఖే ఎదురు డబ్బు చెల్లిస్తోంది. సాయం కూడా పన్ను రిటర్నుల దారిలోనే నడవడం అమెరికా ప్రత్యేకత.

ఆ దారికి ఎంత బలముందో కోవిడ్ కాలంలో తేలింది. 2021లో పిల్లల పన్ను రాయితీని ఒక్కో బిడ్డకు 3,600 డాలర్ల వరకు పెంచి, ఆదాయం లేని కుటుంబాలకూ అందించారు. సాయాలను కూడా లెక్కలోకి తీసుకునే కొలత ప్రకారం పిల్లల్లో పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి పడిపోయింది. పెంపు గడువు ముగిశాక 2022లో 12.4 శాతానికి ఎగిరింది. పిల్లలు అదే పిల్లలు, మారింది చట్టం.

ఆదాయ పరిమితి పెట్టిన ప్రతిచోటా ఒక చిక్కు వస్తుంది. సంపాదన పెరిగితే సాయం తగ్గుతుంది. బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే నగదు సాయం పొందే మనిషి నిర్ణీత మొత్తం దాటి సంపాదించే ప్రతి పౌండుకూ 55 పెన్నీల సాయం కోల్పోతాడు. 2021 చివరి దాకా ఆ కోత 63 పెన్నీలుండేది. సాయం పొందే పేదవాడికి అదనపు సంపాదన మీద పడే ఈ కోత, అక్కడి ధనికులు కట్టే 45 శాతం గరిష్ఠ ఆదాయపు పన్ను కన్నా ఎక్కువ.

పన్ను తక్కువ, పొదుపు ఎక్కువ

సింగపూర్‌లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 24 శాతమే. కానీ 55 ఏళ్ల లోపు ఉద్యోగి జీతంలో 20 శాతం, యజమాని వాటాగా 17 శాతం సెంట్రల్ ప్రావిడెంట్ ఫండ్‌కు వెళ్తుంది. బ్రిటిష్ పాలనలో 1955లో మొదలైన ఈ నిధిలో ఎవరి ఖాతా వారిదే. ఇల్లు కొనడానికీ, వైద్యానికీ, ముసలితనానికీ అందులోంచే వాడుకోవాలి. డెన్మార్క్‌లో ఒకరి సొమ్ము ఇంకొకరికి చేరుతుంది. ఇక్కడ ఒకే మనిషి యవ్వనంలో దాచిన సొమ్ము అతని ముసలితనానికి చేరుతుంది.

గల్ఫ్ దేశాల్లో చమురే పన్నుల పాత్ర పోషించింది. పౌరులకు ఉద్యోగం, వైద్యం, చదువు, రాయితీలు అందుతూ వచ్చాయి. చమురు ధర పడిపోయినప్పుడల్లా ఖజానా ఊగింది. 2018లో సౌదీ అరేబియా, యూఏఈ 5 శాతం వ్యాట్ తెచ్చాయి. 2020లో సౌదీ దాన్ని ఏకంగా 15 శాతం చేసింది. వ్యాట్ వలస కూలీ కొనే సామాను మీదా పడుతుంది, పౌరుడికి దక్కే సంక్షేమం మాత్రం ఆ కూలీకి దక్కదు.

వర్ధమాన దేశాలు

ఎక్కువమంది పొలాల్లో, చిన్న కొట్లలో, రోజు కూలికి పనిచేసే దేశాల్లో జీతంలో చందా కోసే జర్మన్ పద్ధతి సాగదు. కోయడానికి జీతం చీటీయే ఉండదు. అందుకే ఈ దేశాలు నగదు బదిలీని ఎంచుకున్నాయి. మెక్సికో 1997లో దారి చూపింది. బ్రెజిల్ 2003లో బోల్సా ఫమీలియా పథకంతో పేద కుటుంబాలకు నెలనెలా డబ్బిస్తూ, పిల్లల్ని బడికి పంపాలి, టీకాలు వేయించాలి అన్న షరతు పెట్టింది. దక్షిణాఫ్రికా 1998లో మొదలుపెట్టిన పిల్లల భత్యం లక్షలాది పేద కుటుంబాలకు ఆధారమైంది.

భారతదేశంలో ఆదాయపు పన్ను కట్టేవారు జనాభాలో కొద్దిమందే. 2025-26 నుంచి కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల రూపాయల ఆదాయం దాకా పన్ను పడదు. అయినా సబ్బు, చెప్పులు, సెల్‌ఫోన్ కొనే ప్రతి కూలీ జీఎస్టీ కడుతూనే ఉన్నాడు. పెట్రోలు, మద్యం జీఎస్టీకి బయట ఉన్నాయి, వాటి మీద రాష్ట్రాలు వేసే పన్ను రాష్ట్ర బడ్జెట్లకు పెద్ద ఆసరా. ఆ మద్యం పన్నులో పెద్ద భాగం పేదల ఇళ్ల నుంచే వస్తుందన్నది సంక్షేమం గురించి మాట్లాడేటప్పుడు మరవకూడని సంగతి.

తెలుగు రాష్ట్రాలు ఈ రంగంలో దేశానికి చాలాసార్లు ముందు నడిచాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది, దేశమంతటికీ వర్తించే జాతీయ ఆహార భద్రత చట్టం 2013లో గానీ రాలేదు. దేశంలో ఉపాధి హామీ పనులు 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయ్యాయి. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెల్లకార్డున్న పేదలకు ఆరోగ్యశ్రీ తెచ్చింది. 2018లో తెలంగాణ రైతుబంధు కింద ఎకరానికి పంటకు 4,000 రూపాయలు నేరుగా ఇవ్వడం మొదలుపెట్టింది. రైతులకు నగదు ఇచ్చే కేంద్ర పథకం పీఎం కిసాన్ ఆ తర్వాతే వచ్చింది.

ఒకే దేశంలోనూ తేడాలు ఎంత ఉంటాయో పింఛను చూపిస్తుంది. 60 నుంచి 79 ఏళ్ల నిరుపేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలే. దానిపైన ఎంత కలపాలన్నది రాష్ట్రాల ఇష్టం. తెలంగాణ 2,016 రూపాయలు ఇస్తుండగా, ఆంధ్రప్రదేశ్ 2024లో తన పింఛనును 4,000 చేసింది. ఆంధ్రలో నెల మొదట్లో గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది గడప దగ్గరికే వచ్చి, వేలిముద్ర వేయించుకుని నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. బెర్లిన్‌లో పింఛనుదారు తాను కట్టిన చందాకు ప్రతిఫలం అందుకుంటాడు. ఇక్కడి అవ్వ జీవితమంతా పొలంలో పనిచేసినా ఏ చందా ఖాతాలోనూ ఆమె పేరుండదు. కాబట్టి ఆ మొత్తం ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది. అర్హుల జాబితాలో పేరు ఉంటుందో ఊడుతుందో అన్న దిగులూ ఆమెకు తప్పదు.

బస్సు టికెట్‌తోనూ ఈ తేడా పట్టుకోవచ్చు. లక్సెంబర్గ్ 2020లో దేశంలో ప్రజారవాణాను అందరికీ ఉచితం చేసింది, అక్కడ బస్సులో టికెట్ అడిగేవారే లేరు. తెలంగాణ 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టులో మహిళలకు ఉచిత ప్రయాణం తెచ్చాయి. ఇక్కడ కండక్టరు గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ కొడతాడు. ఆ టికెట్ల లెక్క ప్రకారం ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి.

ముదిమి తెచ్చిన ఒత్తిడి

చాలా సంపన్న దేశాల్లో ఈనాటి ఉద్యోగులు కట్టే చందాతోనే ఈనాటి వృద్ధులకు పింఛను ఇస్తారు. కట్టేవారు తగ్గి, తీసుకునేవారు పెరిగితే ముడి బిగుసుకుంటుంది. జపాన్‌లో 65 ఏళ్లు దాటినవారు జనాభాలో 29 శాతం. డెన్మార్క్ పింఛను వయసును ఆయుర్దాయంతో ముడిపెట్టింది. 1970 తర్వాత పుట్టినవారికి అది 70 ఏళ్లని 2025లో పార్లమెంటు తీర్మానించింది. ఫ్రాన్స్ 2023లో 62ను 64 చేయబోతే లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. ఒకచోట ఒప్పుకున్న మార్పే ఇంకోచోట ఉద్యమమైంది.

దేశం దాటినవారి లెక్క

సంక్షేమ వ్యవస్థలన్నీ మనిషి పుట్టినచోటే పనిచేసి, అక్కడే ముసలివాడవుతాడన్న ఊహ మీద కట్టినవి. తెలుగువారు ఆ ఊహను ఎప్పుడో దాటేశారు. బ్రిటన్ వెళ్లే ఉద్యోగి వీసాతోపాటు ఆరోగ్య సర్‌చార్జి కింద 2024 నుంచి ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థి 776 పౌండ్లు ముందే కట్టాలి. ఉద్యోగి ఆ తర్వాత అందరిలాగే పన్నులూ కడతాడు. వీసా మీద ఉన్నంతకాలం నగదు సాయాలు మాత్రం చాలావరకు అందవు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి యూఏఈ వెళ్లిన కార్మికుడికి పింఛను బదులు వచ్చేది పని ముగింపు సొమ్ము. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది. బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువగా రాసిన జీతానికి ఈ మొత్తం కుంచించుకుపోతుంది.

రెండు దేశాల్లోనూ చందా కట్టాల్సిన ఇబ్బంది లేకుండా భారత్ సామాజిక భద్రత ఒప్పందాలు చేసుకుంటోంది. బెల్జియంతో మొదటిది అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత జర్మనీ, ఫ్రాన్స్, కెనడా, జపాన్ వంటి దేశాలు చేరాయి. కంపెనీ తాత్కాలికంగా పంపిన ఉద్యోగి ఇక్కడి పీఎఫ్ సంస్థ ఇచ్చే కవరేజీ సర్టిఫికెట్ చూపిస్తే అక్కడ చందా కోత ఉండదు.

తెలుగు ఇంజనీర్లు ఎక్కువగా వెళ్లే అమెరికాతో మాత్రం చర్చలు ఏళ్ల తరబడి సాగినా అలాంటి ఒప్పందం కుదరలేదు. హెచ్1బీ వీసా మీద ఉన్న ఉద్యోగి జీతంలో మొదటి నెల నుంచే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ చందాగా 7.65 శాతం పోతుంది. పింఛనుకు, సంపాదనను బట్టి ఖాతాలో చేరే క్రెడిట్లు 40 కావాలి, ఏడాదికి గరిష్ఠంగా నాలుగు వస్తాయి. తొమ్మిదేళ్లు పనిచేసి, గ్రీన్‌కార్డు వరుసలో ఓపిక నశించి హైదరాబాద్ తిరిగొచ్చిన మనిషి ఖాతాలో 36 క్రెడిట్లుంటాయి. ఆ 36 తో పింఛను రాదు, కట్టిన చందా కూడా వెనక్కి రాదు.